వేట పాఠాలు – 3: నీటి పక్షులకూ మెట్ట పక్షులకూ ఒకే సెమీ ఆటోమేటిక్

రెండో పాఠం చివర చెప్పిన పని పూర్తయిందా? హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, మీ రాష్ట్రపు వేట లైసెన్సు, 16 ఏళ్లు నిండినవారికి బాతుల వేటలో తప్పనిసరైన ఫెడరల్ డక్ స్టాంపు. ఈ మూడూ చేతికి వచ్చాకే తుపాకీ దుకాణం గడప తొక్కండి. హెచ్‌1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్న మనవాళ్లకు ఈ వరుస మరీ ముఖ్యం. అలాంటి వీసాలవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఇస్తుంది. లైసెన్సు గడువు తీరిన రోజున ఆ మినహాయింపూ తీరిపోతుంది, తుపాకీ మాత్రం ఇంట్లోనే ఉంటుంది. కాబట్టి కొనే ముందే ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి.

ఈ పాఠాలు అమెరికాలో ఉన్నవారి కోసమే. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కొల్లేరు బాతునైనా పొలం గట్టు మీది కౌజునైనా వేటాడటం నేరం.

ఇక తుపాకీ సంగతి. మనం కొనబోయేది సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్, అంటే ఒక్క తూటాతో గుళ్ల గుంపును విసిరి, ప్రతి కాల్పు తరువాత కొత్త తూటాను తనకు తానే ఎక్కించుకునే తుపాకీ. మనకు కావలసినది రెండు పనులు చేయాలి. నార్త్ డకోటాలో, సౌత్ డకోటాలో, పశ్చిమ మిన్నెసోటాలో హిమనదాలు కరిగి వెనక్కి తగ్గినప్పుడు మిగిల్చిన కుంటలు లెక్కలేనన్ని ఉన్నాయి. వాటి ఒడ్డున జమ్ములో మాటు వేసి, తెల్లవారకముందే చలిలో కూర్చుని మల్లార్డ్ బాతుల కోసం ఎదురుచూడటం మొదటి పని. అక్కడ తుపాకీ ఎక్కువసేపు ఒళ్లోనో పక్కనో ఉంటుంది. బురద, తడి, మంచు దాన్ని వదలవు. రెండో పని మెట్ట మీద. కోత కోసిన మొక్కజొన్న చేల అంచున, గడ్డి బీళ్లలో మైళ్ల తరబడి నడవాలి. కాళ్ల దగ్గర నుంచి ఫెజంట్ అనే కోడి జాతి పక్షి పుంజు ఒక్క ఉదుటున లేస్తే రెండు మూడు సెకన్లలో తుపాకీ భుజానికి చేరాలి. కూర్చున్నవాడికి బరువైన తుపాకీ మేలు, నడిచేవాడికి తేలికైనది మేలు. ఈ పాఠమంతా ఆ రెంటినీ ఎక్కడ కలపాలన్నదే.

తుపాకీ పేరు తలవకముందు ఒక చిన్న పరీక్ష చేయండి. రెండు చేతులూ ముందుకు చాచి, బొటనవేళ్లను చూపుడువేళ్లతో కలిపి మధ్యలో చిన్న సందు చేయండి. రెండు కళ్లూ తెరిచి ఆ సందులోంచి గోడ మీది గడియారాన్ని చూడండి. చేతులు కదల్చకుండా ఎడమ కన్ను మూయండి. గడియారం ఇంకా కనిపిస్తుంటే మీది కుడి కన్ను ఆధిపత్యం. మాయమైతే ఎడమ కన్ను. కుడిచేతి వాటం ఉండి ఎడమ కన్ను ఆధిపత్యం చేసేవారు చాలామందే ఉంటారు. వారు ఎడమ భుజం మీద నుంచి కాల్చడం నేర్చుకోవాలి, లేదా ఎడమ కంటద్దం మీద చిన్న టేపు ముక్క అంటించుకోవాలి. మొదటి తుపాకీ కొనేవారికి ఎడమ భుజమే మంచిదని నా సలహా. అలవాటు పడని చేతికి మొదటి నుంచీ సరైన దారి నేర్పడం తేలిక. ఎడమవైపు కాల్చేవారు ఖాళీ తూటా ఎడమవైపుకు ఎగిరే నమూనా అడగండి. అన్ని కంపెనీలూ చేయవు, కొన్ని చేస్తాయి.

ఇప్పుడు అసలు పాఠం. రైఫిలును గురి పెడతాం. షాట్‌గన్‌ను మాత్రం వేలెత్తి చూపినట్టు చూపుతాం. రైఫిలుకు వెనుక ఒక గురి, ముందు ఒక గురి ఉంటాయి. షాట్‌గన్‌కు వెనుక గురి మీ కన్నే. కన్ను ఎక్కడ ఉంటే గుళ్లు అటు పోతాయి. కన్ను ఎక్కడ ఉండాలో నిర్ణయించేది స్టాక్, అంటే భుజానికీ చెంపకూ ఆనే భాగం. అది మీ ఒంటికి కుదరకపోతే ఎంత ఖరీదైన తుపాకీ అయినా పక్షికి పైనో కిందో కాలుస్తుంది. నేను మొదటి ఏడాది ఈ మాట వినలేదు. దుకాణంలో చెప్పినదే నమ్మి, మూడున్నర అంగుళాల తూటా పట్టే ఎనిమిది పౌండ్ల తుపాకీ కొన్నాను. సౌత్ డకోటాలోని అబర్డీన్ దగ్గరి చేలలో మూడో గంటకే చేతులు బరువెక్కాయి. ఆ రోజు లేచిన పుంజులన్నిటికీ నా గుళ్లు పైనుంచే పోయాయి. స్టాక్ నాకు ఎత్తుగా ఉందన్న సంగతి తెలియడానికి మరో ఏడాది పట్టింది.

దుకాణంలో ఇలా చేయండి. నవంబరులో వేసుకునే మందపాటి కోటు వెంట తీసుకెళ్లి తొడుక్కోండి. తుపాకీ ఖాళీగా ఉందని అమ్మేవారు బోల్ట్, అంటే గొట్టాన్ని వెనుక నుంచి మూసే భాగం, తెరిచి చూపాలి, తరువాత మీరూ మీ కంటితో చూడాలి, వేలితో తడిమి చూడాలి. మనుషులు లేని వైపు, అమ్మేవారు చూపిన గోడ వైపు మాత్రమే గొట్టం ఉండాలి. ఎదురుగా ఒక చుక్కను చూసుకుని కళ్లు మూసుకోండి. తుపాకీని భుజానికి తెచ్చి, చెంప హాయిగా ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి. గొట్టం కొసన ఉన్న పూస చుక్క మీదే ఉండి, గొట్టం పైపట్టీ సన్నని గీతలా కనిపిస్తే స్టాక్ మీకు కుదిరినట్టే. పట్టీ అంతా రోడ్డులా పరుచుకుని కనిపిస్తే మీ కన్ను ఎత్తులో ఉంది, గుళ్లు పైకి పోతాయి. పూస కనబడకుండా తుపాకీ వెనుక భాగం అడ్డం వస్తే కన్ను కిందికి ఉంది. పూస పక్కకు పోతే స్టాక్ పక్కవంపు సరిపోలేదు. ఇలా పదిసార్లు చేయండి, ఎందుకంటే మొదటి రెండుసార్లు మెడ తనకు తానే సర్దుకుని మనల్ని మోసం చేస్తుంది.

పొడవు కూడా చూడాలి. కంపెనీ నుంచి వచ్చే తుపాకులలో ట్రిగ్గర్ నుంచి స్టాక్ చివరి దాకా సాధారణంగా 14 నుంచి 14.5 అంగుళాలు ఉంటుంది. ఐదున్నర అడుగుల లోపు ఎత్తు ఉన్నవారికి, ముఖ్యంగా కోటు మీద, ఇది ఎక్కువే. స్టాక్ చంకలో చిక్కుకుంటే పొడవు తగ్గాలి. చాలా సెమీ ఆటోమేటిక్‌లతో పాటు పెట్టెలో పలుచని బిళ్లలు కొన్ని వస్తాయి. స్టాక్‌కూ తుపాకీకీ మధ్య అవి మార్చి పెడితే ఎత్తు, పక్కవంపు మారతాయి. నేను ఈ రకాన్ని ఇష్టపడటానికి ఈ సౌకర్యమూ ఒక కారణం. ఆ బిళ్లలు లేని తుపాకీ ధర తక్కువైనా వద్దనే చెబుతాను.

తూటా పేలిన తరువాత ఖాళీ డొప్పను బయటికి తోసి, కొత్త తూటాను లోపలికి ఎక్కించేది ఏమిటి? ఇక్కడే రెండు దారులున్నాయి. మొదటిది గ్యాస్ పద్ధతి. గొట్టానికి ఉన్న చిన్న రంధ్రాల గుండా పేలుడు వాయువు కొంత బయటికి వచ్చి పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది, పిస్టన్ బోల్ట్‌ను నెడుతుంది. రెమింగ్టన్ 1963లో తెచ్చిన 1100 ఈ పద్ధతికి అమెరికాలో పేరు తెచ్చింది. నేటి బెరెట్టా ఎ300, ఎ400, వించెస్టర్ ఎస్‌ఎక్స్4 ఇదే దారిలోవి. భుజానికి తగిలే దెబ్బ కాస్త పరుచుకుని వస్తుంది, కాబట్టి మెత్తగా అనిపిస్తుంది. తేలిక తూటాలనూ బరువు తూటాలనూ చాలావరకు సమానంగా నడిపిస్తుంది. కానీ ఆ వాయువు మసిని కూడా వెంట తెస్తుంది. పిస్టన్ తుడవకుండా సీజనంతా నడిపితే ఏదో ఒక చలి ఉదయాన మొరాయిస్తుంది.

రెండోది ఇనర్షియా పద్ధతి. ఆగి ఉన్న బస్సు ఒక్కసారిగా కదిలితే లోపల నిలబడ్డవాళ్లు వెనక్కి తూలడం చూశారు కదా. బస్సు ముందుకు పోయింది, వాళ్ల ఒళ్లు మాత్రం ఉన్నచోటే ఉండబోయింది. తుపాకీ పేలగానే వెనక్కి తన్నుతుంది, లోపలి బరువైన బోల్ట్ మాత్రం ఉన్నచోటే ఉండబోతుంది. ఆ తేడాలో బోల్ట్ లోపలి బలమైన స్ప్రింగు నొక్కుకుంటుంది. మరుక్షణం అది విచ్చుకుని బోల్ట్‌ను వెనక్కి విసురుతుంది. ఇటలీలోని ఉర్బినోలో 1967లో మొదలైన బెనెల్లి కంపెనీ ఈ పద్ధతికి పెట్టింది పేరు. 1991లో వచ్చిన సూపర్ బ్లాక్ ఈగిల్ బాతుల వేటగాళ్లలో ఈ పద్ధతిని పాతుకునేలా చేసింది. ఫ్రాంకి అఫినిటీ, తుర్కియేలో తయారయ్యే స్టోగర్ ఎం3000 ఇదే దారివి. లోపలికి మసి రాదు, భాగాలు తక్కువ, తుపాకీ సన్నగా తేలికగా ఉంటుంది. బదులుగా భుజం దెబ్బ గట్టిగా తగులుతుంది. తుపాకీ వెనక్కి జరగనిదే స్ప్రింగు నొక్కుకోదు కాబట్టి చాలా తేలిక తూటాలతో కొన్ని నడవవు. ఇంకో చిక్కు తెలుసుకోండి. మాటులో చప్పుడు కాకూడదని బోల్ట్‌ను చేత్తో మెల్లగా మూస్తే దాని తల పూర్తిగా తిరిగి బిగుసుకోకపోవచ్చు. బాతులు దిగుతున్నప్పుడు ట్రిగ్గర్ నొక్కితే టక్కుమని ఒక శబ్దం, అంతే. ఈ రకం తుపాకీ బోల్ట్‌ను ఎప్పుడూ పూర్తిగా వదిలి మూయండి, మూశాక బోల్ట్ పిడిని ముందుకు ఒకసారి నెట్టి చూడండి.

ఈ రెంటికీ ముందు నడిచిన తాత ఒకటుంది, దాని కథ చెప్పకుండా ముందుకు పోలేను. అమెరికన్ తుపాకీ రూపకర్త జాన్ బ్రౌనింగ్ కనిపెట్టిన ఆటో-5లో గొట్టం కూడా బోల్ట్‌తో కలిసి వెనక్కి జరుగుతుంది. దానికి ప్రతి తుపాకీ మీద రాయల్టీ కావాలని ఆయన అడిగితే వించెస్టర్ ఒప్పుకోలేదు. 1902 జనవరిలో రెమింగ్టన్ అధిపతి మార్సెలస్ హార్ట్‌లీని కలవడానికి వెళ్లి ఆయన ఆఫీసులో ఎదురుచూస్తుండగానే హార్ట్‌లీ గుండెపోటుతో చనిపోయాడన్న వార్త వచ్చింది. బ్రౌనింగ్ అట్లాంటిక్ దాటి బెల్జియంలోని ఎఫ్‌ఎన్ కంపెనీకి వెళ్లాడు. అక్కడ మొదలైన ఉత్పత్తి 1998 దాకా సాగింది. గూని వీపు ఉన్న ఆ పాత తుపాకీ సెకండ్ హ్యాండ్‌లో కనబడితే నా చేయి ఇప్పటికీ అటే పోతుంది. అయితే బెల్జియంలో తయారైన దాని పాత గొట్టాలలో ఉక్కు గుళ్లు కాల్చకూడదు. బాతుల మీదికి దాన్ని తీసుకెళ్లాలంటే వాటికి సరిపడే మెత్తని బిస్మత్ అనే లోహపు గుళ్లు కొనాలి.

ఉక్కు మాట ఎందుకు వచ్చిందంటే, 1991 నుంచి అమెరికా అంతటా నీటి పక్షుల మీద సీసం కాల్చడం నిషేధం. బాతులు కందనకాయలో మేత నలగడానికి చిన్న రాళ్లు మింగుతాయి. కుంట అడుగున పడ్డ సీసపు గుళ్లను కూడా రాళ్లనుకుని మింగేవి. కందనకాయ వాటిని అరగదీసి విషాన్ని నెత్తురులోకి పంపేది. గాయపడ్డ బాతును తిన్న గద్దకూ అదే గతి పట్టేది. ఈ నిబంధనను నేను భారంగా ఎన్నడూ అనుకోలేదు, మనసారా సమర్థిస్తాను. డక్ స్టాంపు డబ్బుతో కొన్న వాటర్‌ఫౌల్ ప్రొడక్షన్ ఏరియాలలో ఫెజంట్ వేటకైనా సీసం పనికిరాదు. డకోటాలలో మనం నడిచే చోట్లు చాలావరకు అవే. అందుకే రెండు పనులకూ ఉక్కును దృష్టిలో ఉంచుకునే తుపాకీ కొనండి.

ఉక్కు సీసం కంటే తేలిక. అదే పరిమాణం గుండు సీసపు గుండు బరువులో దాదాపు 70 శాతం మాత్రమే ఉంటుంది. కాబట్టి సీసంలో 4వ నంబరు వాడే చోట ఉక్కులో రెండు మెట్లు పెద్దదైన 2వ నంబరు వాడతారు. నంబరు చిన్నదైతే గుండు పెద్దది. 17లోంచి నంబరు తీసేస్తే గుండు వ్యాసం అంగుళంలో నూరో వంతులలో వస్తుంది. 2వ నంబరు గుండు 15 నూరో వంతులన్నమాట. పెద్ద గుళ్లకు డొప్పలో చోటు ఎక్కువ కావాలి. అందుకే మూడు అంగుళాల ఛాంబర్, అంటే తూటా కూర్చునే గది, ఉన్న తుపాకీ తీసుకోండి. అందులో రెండుముప్పావు అంగుళాల తూటాలూ నడుస్తాయి. 1988లో వచ్చిన మూడున్నర అంగుళాల తూటా ఎత్తులో పోయే పెద్ద గూస్‌ల మీద పనికొస్తుంది. మన అవసరానికి అది ధరనూ భుజం నొప్పినీ పెంచుతుందంతే.

మన ఊళ్లలో 12 బోరు అనేదే ఇక్కడ 12 గేజ్. ఒక పౌండు సీసాన్ని 12 సమానమైన గుండ్లు చేస్తే ఒక్కో గుండు పట్టే గొట్టం అది. రెండు పనులకూ ఒకటే కావాలంటే 12 తీసుకోండి. చిన్న ఒళ్లు ఉన్నవారికి 20 గేజ్ కూడా మంచిదే. కానీ ఇంట్లో రెండు గేజ్‌లూ ఉంటే జేబులలో తూటాలు ఎన్నడూ కలవకూడదు. 20 గేజ్ తూటా 12 గేజ్ గొట్టంలోకి జారి కొంత దూరం పోయి ఇరుక్కుంటుంది, బయటికి ఛాంబర్ ఖాళీగానే కనిపిస్తుంది. దాని వెనుక 12 తూటా పెట్టి కాలిస్తే గొట్టం పగిలి ఎడమ చెయ్యి పోతుంది. 20 గేజ్ తూటాలు పసుపు రంగులో ఉండేది ఇందుకే.

మిగిలినవి త్వరగా చెబుతాను. గొట్టం 26 లేదా 28 అంగుళాలు, ఏదైనా పరవాలేదు. నాకు 28 ఇష్టం. గొట్టం కొసన ఉండి గుళ్లు ఎంత పరుచుకోవాలో నిర్ణయించే చోక్‌లు మార్చుకోగలిగేవై ఉండాలి. ఉక్కు గుళ్లు సీసం కంటే దగ్గరదగ్గరగా పోతాయి కాబట్టి బాతులకు మాడిఫైడ్ చోక్, దగ్గర లేచే ఫెజంట్‌కు గుళ్లను ఇంకా వెడల్పుగా పరిచే ఇంప్రూవ్డ్ సిలిండర్ చోక్ చాలు. వలస పక్షుల వేటలో తుపాకీ మొత్తం మూడు తూటాలకు మించి పట్టకూడదని ఫెడరల్ నిబంధన. తూటాలు నిలవుండే మ్యాగజైన్ గొట్టంలో అదనపు తూటాలను ఆపే ప్లగ్ ఉందో లేదో కొన్న రోజే విప్పి చూడండి.

నా ఎంపిక చెప్పమంటే, ఏడు పౌండ్ల దగ్గర బరువున్న, మూడు అంగుళాల 12 గేజ్. ఎక్కువ నడిచేవారికి ఫ్రాంకి అఫినిటీ, మాటులో ఎక్కువ కూర్చునేవారికి, భుజం సున్నితంగా ఉన్నవారికి బెరెట్టా ఎ300 అల్టిమా. దాదాపు రెండు వేల డాలర్ల సూపర్ బ్లాక్ ఈగిల్ 3 గొప్పదే, కానీ మొదటి మూడేళ్లలో ఆ తేడా మీ కాల్పులో కనబడదు. మిగిలిన డబ్బుతో తూటాలు కొని, అభ్యాసానికి గాలిలోకి విసిరే మట్టి పళ్లేల మీద కాల్చండి. అయితే అఫినిటీ, ఎ300 రెండింటిలో ఏదీ కళ్లు మూసి తెరిచే పరీక్షలో నెగ్గకపోతే నా మాట పక్కన పెట్టి, మీ చెంప చెప్పిన తుపాకీనే కొనండి.

ఈ వారం అభ్యాసం: కనీసం మూడు తుపాకులను కోటుతో, చేతి తొడుగులతో పరీక్షించండి. ఒక్కోదానికి నోటుపుస్తకంలో నాలుగు సంగతులు రాయండి: పదిసార్లలో ఎన్నిసార్లు పూస చుక్క మీద ఉంది, బరువు ఎంత, తొడుగు వేసిన వేలికి సేఫ్టీ బటన్ అందుతోందా, స్టాక్ చంకలో చిక్కుతోందా. ఇంటికి వచ్చాక ఒక రాత్రి గడవనిచ్చి ఆ కాగితం మళ్లీ చదవండి, అప్పుడే డబ్బు కట్టండి.

నాలుగో పాఠంలో 40 గజాల దూరంలో కాగితం కట్టి, మీ తుపాకీ ఏ చోక్‌తో ఏ తూటాను ఎలా పరుస్తుందో లెక్కపెడతాం. నాలుగడుగుల వెడల్పు కాగితం, లావు పెన్సిలు, 30 అంగుళాల వలయం గీయడానికి 15 అంగుళాల తాడు సిద్ధం చేసుకోండి.