మూలన పడిన రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్‌ని ఘాట్ రోడ్డెక్కించే ముందు

రెండు మూడేళ్లు షెడ్డులో నిలబడిపోయిన బండిలో ఇనుము పెద్దగా చెడదు. రబ్బరు చెడుతుంది, బ్రేక్ ఆయిల్ చెడుతుంది, ట్యాంకులో పెట్రోలు చెడుతుంది, బ్యాటరీ చచ్చిపోతుంది. ఇది గుర్తుంటే ఎక్కడ డబ్బు పెట్టాలో తేలిగ్గా తెలుస్తుంది. పాత బండి కొన్నవాళ్లు చాలామంది ముందు పెయింటింగుకీ సైలెన్సరుకీ వెళ్తారు. తిరుపతి, చిత్తూరు చుట్టూ ఎటు పోయినా ఏదో ఒక ఘాటు తగులుతుంది కాబట్టి ఇక్కడ ముందు బండి ఆగాలి, ఆ తర్వాతే పరుగెత్తాలి.

ఇక్కడ చెప్పే వివరాలు యూసీఈ (ఇంజిను, గేరుబాక్సు ఒకే పెట్టెలో ఉండే రకం) ఇంజిను థండర్‌బర్డ్ 350కి, అంటే 346 సీసీ, రెండు ప్లగ్గుల కార్బరేటర్ బండికి. పాత అవెంజర్‌కైనా పల్సర్‌కైనా పని వరస ఇదే, కొలతలు మాత్రం ఆ బండి మాన్యువల్ చూసి తీసుకోండి.

స్పానర్ పట్టే ముందు కాగితాలు

సొంత వాడకపు టూ వీలర్ రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. 2010లో రోడ్డెక్కిన బండికి 2025తో గడువు తీరిపోయినట్టే. ఆర్టీవో ఆఫీసులో ఫారం 25 పెట్టి, బండి చూపించి, ఐదేళ్లకు పొడిగించుకోవాలి. ఆ తనిఖీలో హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు, స్పీడోమీటరు అన్నీ పనిచేయాలి కాబట్టి బండి సిద్ధమయ్యాకే తేదీ తీసుకోండి.

పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30 కావాలి. కొన్న 30 రోజుల్లోగా దరఖాస్తు పెట్టాలి. ఆర్సీలో ఫైనాన్స్ కనిపిస్తే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ అమ్మేవాళ్ల దగ్గరే తీసుకోండి. తర్వాత వాళ్లు దొరకరు. చిత్తూరులో వేలూరు, కోలారు వైపు నుంచి వచ్చిన బండ్లు చాలా తిరుగుతుంటాయి. టీఎన్, కేఏ నంబరుంటే ఫారం 28 ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ లెక్క వేసుకోకుండా బేరం ఆడితే చౌకగా వచ్చిందనుకున్న బండి ఖరీదైపోతుంది. చలానాలు ఎన్ని పెండింగు ఉన్నాయో కూడా నంబరు కొట్టి చూసుకోండి.

ఛాసిస్ నంబరు హ్యాండిల్ కింద ఫ్రేము మెడ మీద ఉంటుంది. తుప్పు కప్పేసి ఉంటే ఉప్పుకాగితంతో రుద్దొద్దు. అంకెలు అరిగితే ఆఫీసులో అనుమానిస్తారు. కిరసనాయిలు, పాత పళ్లబ్రష్షు చాలు.

సెల్ఫ్ బటన్ జోలికి పోవద్దు

బండి ఇంటికి రాగానే సెల్ఫ్ కొట్టి చూడాలనిపిస్తుంది. వద్దు. బ్యాటరీ నీరసంగా ఉంటే ఇంజిను సగం తిరిగి వెనక్కి తంతుంది, ఆ దెబ్బ స్ప్రాగ్ క్లచ్ మీద, అంటే సెల్ఫ్ మోటారు తిప్పుడుని ఇంజినుకి అందించే ఒకవైపు క్లచ్ మీద పడుతుంది. ఈ ఇంజినుకున్న పేరుమోసిన బలహీనత ఇదే. అది పోతే ఎడమవైపు కవరంతా విప్పాలి. ఒక్క బటన్ నొక్కుడుకి అంత పని తెచ్చుకోవద్దు.

ముందు బ్యాటరీ తీసి, వోల్టేజి కొలవండి. ఛార్జ్ చేసి కొన్ని గంటలు వదిలేశాక 12.6 నుంచి 12.8 వోల్టులు ఉండాలి. దీనిది 14 ఏహెచ్ బ్యాటరీ, 1.4 ఆంపియర్ల దగ్గర పది గంటల పైన నెమ్మదిగా ఛార్జ్ చేయాలి. కారు ఛార్జరుతో గంటలో ముగిద్దామంటే ప్లేట్లు పోతాయి. ఛార్జయ్యాక కూడా మర్నాటికి 12 కిందికి పడితే ఇక దాంతో కుస్తీ దండగ, కొత్తది వేయండి.

బ్యాటరీ ఛార్జవుతుండగా రెండు ప్లగ్గులూ విప్పి, ఒక రంధ్రంలో 5 మి.లీ. ఇంజినాయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు డబుల్ స్టాండు వేసి, టాప్ గేరులో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. ఇంజిను సాఫీగా తిరిగితే రింగులు పట్టేయలేదన్నమాట. బిగుసుకుని ఉంటే బలం పెట్టకుండా ఇంకోరోజు ఆయిల్లో నాననివ్వండి.

పాత ఇంజినాయిల్ ఎన్ని కిలోమీటర్లు నడిచిందని అడగొద్దు, తీసేయండి. కారిన ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే లోపలికి నీళ్లు చేరాయి, అప్పుడు తక్కువ రకం ఆయిల్ ఒకటి పోసి, కాసేపు నడిపి, దాన్నీ తీసేయాలి. సన్నటి బూడిదరంగు మెరుపు పర్వాలేదు. వేలికి గుచ్చుకునే ఇనుప ముక్కలు కనిపిస్తే ఇంజిను విప్పే మెకానిక్ దగ్గరికే వెళ్లాలి. కొత్తగా 15డబ్ల్యూ-50, డబ్బా మీద జాసో ఎంఏ (ఆయిల్లో తడిసే క్లచ్ ఉన్న బండ్లకు సరిపడే ఆయిల్ గుర్తు) అని రాసి ఉన్నదే పోయండి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ ప్లేట్లు జారతాయి. ఫిల్టరుతో పాటు దాని మూత ఓ-రింగులు కూడా మార్చాలి. ఆయిల్ లెక్క లీటర్లలో కాకుండా కుడివైపున్న గాజు కిటికీలో చూసుకోండి, బండి నిటారుగా ఉన్నప్పుడు మాత్రమే.

ప్లగ్గులు బిగించకముందే నాలుగైదుసార్లు ఇంజిను తిప్పితే కొత్త ఆయిల్ పైకి చేరుతుంది. ఈ ఇంజినుకి హైడ్రాలిక్ టాపెట్లు, అంటే వాల్వులను తెరిచే భాగాలు ఆయిల్ ఒత్తిడితో వాటంతటవే సర్దుకుంటాయి. మొదటిసారి స్టార్టయ్యాక కాసేపు టకటకమంటాయి, ఆయిల్ నిండాక ఆగిపోతాయి. వాటిని సర్దడానికి ఏమీ ఉండదు, 'టాపెట్ సెట్టింగు' అని డబ్బులడిగితే ఇవ్వొద్దు. ఇంజిను బాగా వేడెక్కినా చప్పుడు పోకపోతే ఆయిల్ ప్రెషర్ చూపించుకోవాలి.

పెట్రోలు దారి

పాత పెట్రోలు మూత తీయగానే వార్నిష్ వాసన వస్తే ఒక్క చుక్క కూడా వాడొద్దు. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోలు గాల్లో తేమను పీల్చుకుంటుంది, ఆ నీరు ట్యాంకు అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది. పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు దీనికోసం చేసినవి కావు, ఉబ్బుతాయి, పగుళ్లిస్తాయి. అందుకే పెట్రోలు గొట్టం, ట్యాపు వాషర్లు, కార్బరేటర్ ఓ-రింగులు, ఫ్లోట్ కప్పు గ్యాస్కెట్ బాగున్నట్టు కనిపించినా మార్చేయండి.

ట్యాంకులో తుప్పు పొడి ఉంటే, లెక్కపెట్టి ఒక ముప్ఫై చిన్న నట్లు వేసి, అర లీటరు పెట్రోలు పోసి బాగా ఊపి, వంపేయండి. బయటికొచ్చిన నట్లు మళ్లీ లెక్కపెట్టాలి. గొట్టంలో పది ఇరవై రూపాయల ప్లాస్టిక్ ఫిల్టరు పెడితే మిగిలిన పొడి కార్బరేటర్ దాకా పోదు.

కార్బరేటర్లో మొదట మూసుకుపోయేది పైలెట్ జెట్టు, ఐడిలింగులో పెట్రోలు పంపే సన్నటి రంధ్రం. బండి చోక్ లాగితేనే నిలబడి, చోక్ మూయగానే ఆగిపోతుంటే తప్పు అక్కడే. క్లీనర్ స్ప్రే కొట్టి, గాలి పెట్టండి, మొండికేస్తే వైరులోని సన్నటి రాగి పోగు వాడండి. సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదై ఎప్పటికీ పెట్రోలు ఎక్కువ తాగుతుంది. గాలి, పెట్రోలు పాళ్లు సర్దే మిక్చర్ స్క్రూ విప్పే ముందు లోపలికి ఎన్ని చుట్లు తిరుగుతుందో రాసుకోండి, తిరిగి అన్నే చుట్లు పెట్టాలి. పై మూత కింద పల్చటి రబ్బరు పొర ఉంటుంది. దాని మీద క్లీనర్ పడనివ్వొద్దు, వెలుతురుకి పట్టి చిల్లు ఉందేమో చూడండి. చిల్లుంటే ఐడిలింగు బాగానే ఉంటుంది, ఎక్సలేటర్ ఇచ్చినా బండి ముందుకు లాగదు.

బ్రేకులు

ఇక్కడ పొదుపు చేయొద్దు. డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక దాని లెక్క 155 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఇద్దరు మనుషులు, సామానుతో భాకరాపేట ఘాటు దిగేటప్పుడు డిస్క్ విపరీతంగా కాగుతుంది. ఆయిల్ మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు చేరి లివరు హ్యాండిల్‌కి తగిలేదాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు. ఊళ్లో నడిపినంతకాలం ఈ లోపం బయటపడదు, అదే ప్రమాదం.

కాలిపర్ (డిస్క్‌ని ప్యాడ్లతో నొక్కిపట్టే భాగం) విప్పి ప్యాడ్లు తీయండి. మందం 2 మి.మీ. దగ్గరికొస్తే మార్చాలి. పిస్టన్ వేళ్లతో లోపలికి నెట్టితే మెల్లగా కదలాలి. కదలకపోతే తుప్పో, ఉబ్బిన సీలో అడ్డుపడుతోంది, సీల్ కిట్ వేయాలి. తుప్పు గుంటలు పడ్డ పిస్టన్‌కి కొత్త సీలు వేసినా కారుతుంది. బ్రేక్ గొట్టాన్ని వంచి చూడండి, పగుళ్లుంటే కొత్తది. డిస్క్ మీదే కనీస మందం చెక్కి ఉంటుంది, కొలుచుకోండి.

ఆయిల్ మార్చడానికి ఇద్దరుంటే మంచిది. కాలిపర్ మీద పాత ఆయిల్, గాలి బయటికి వదిలే బ్లీడ్ నిపిల్‌కి పల్చటి గొట్టం తగిలించి, రెండో కొస కొంచెం కొత్త ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. ఒకరు లివరు మూడుసార్లు నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు నిపిల్ పావు చుట్టు వదిలి, బిగించాకే లివరు విడవాలి. పైనున్న కప్పు ఖాళీ కానివ్వొద్దు, గాలి దూరితే మొదటికొస్తుంది. బుడగలు ఆగి, రంగు తేరుకుని, లివరు రాయిలా గట్టిపడేదాకా చేయండి. ట్యాంకు మీద చుక్క పడితే వెంటనే నీళ్లు పోయండి, పెయింటు తినేస్తుంది. డబ్బా కొత్తగా సీలు తీసిందే వాడాలి.

2012కి ముందు మోడళ్లలో వెనక డ్రమ్ బ్రేకు. షూలు గాజులా మెరుస్తుంటే ఉప్పుకాగితంతో గరుకు చేసి, షూలను తెరిచే కామ్‌కి కాస్తే గ్రీజు రాయండి, షూలకు అంటకుండా. వెనక డిస్క్ అయితే ముందుదానికి చేసిందంతా దానికీ చేయాలి.

చక్రాలు, ఫోర్కు, చైను

టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 3215 అంటే 2015లో 32వ వారం. గ్రిప్పు కొత్తగా కనిపించినా ఆరేళ్లు దాటితే అనుమానించాలి, పదేళ్లు దాటితే తీసేయాలి. గట్టిపడిన రబ్బరు వానలో రోడ్డును పట్టదు. టైరుతో పాటు ట్యూబు, రిమ్ టేపు కూడా. చువ్వలు ఒక్కొక్కటీ స్పానరుతో తట్టితే ఖంగుమనాలి, మొద్దుగా మోగింది వదులైనట్టు.

ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పండి. హ్యాండిల్ తిన్నగా ఉన్న చోట చిన్న గాడిలో పడినట్టు ఆగితే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయింది. ఘాటు మలుపుల్లో బండి మాట వినకపోవడానికి సగం కారణం అదే. ఫోర్క్ (ముందు షాకబ్జార్బర్) సీళ్లు కారుతుంటే దాని రెండు కాళ్లకూ మార్చి, రెండింట్లో సమానంగా ఆయిల్ పోయాలి. కారిన ఆయిల్ డిస్క్ మీద పడితే కొత్త ప్యాడ్లు కూడా పనికిరావు.

చైన్ కింద మధ్యలో పైకీ కిందికీ 25 నుంచి 30 మి.మీ. ఆడాలి. వెనక స్ప్రాకెట్ (చైన్ పళ్ల చక్రం) మధ్యలో చైన్‌ని లాగితే పంటి సగం కనిపిస్తే కిట్టు మొత్తం మార్చండి. చైనొక్కటే మారిస్తే అరిగిన పళ్లు కొత్త చైన్‌నీ తినేస్తాయి. గేరు మార్చినప్పుడల్లా ధడ్ మంటుంటే హబ్బులో రబ్బర్లు చూడండి.

వైరింగులో ముందు ఎలుకలు కొరికిన చోట్లు వెతకాలి, సీటు కిందా హెడ్‌లైట్ డూము లోపలా. ఇంజిను 3000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 వోల్టులు రావాలి. 15 దాటితే ఛార్జింగ్‌ని అదుపు చేసే రెగ్యులేటర్ పోయింది, కొత్త బ్యాటరీని ఉడికించేస్తుంది.

పరీక్ష ప్రయాణాలు

మొదటి పది కిలోమీటర్లు ఊళ్లోనే తిరిగి, బండి చల్లారాక ప్రతి బోల్టూ ఇంకోసారి బిగించండి. తర్వాత శ్రీకాళహస్తి దాకా పోయి రండి. చదును రోడ్డు, వేగం నిలకడగా ఉంటుంది, దారి పొడుగునా మెకానిక్కులు దొరుకుతారు. వచ్చాక ప్లగ్గులు తీసి చూస్తే కాఫీపొడి రంగుండాలి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, ఎక్కడో గాలి పీలుస్తోంది. కార్బరేటర్‌కీ ఇంజినుకీ మధ్య రబ్బరు పగిలిందేమో చూడండి. మే నెల ఎండలో ఆ తెల్ల ప్లగ్గుతో ఎక్కువ దూరం పోతే పిస్టన్ పట్టేస్తుంది.

మూడోది ఘాటు. తిరుపతి వాళ్లకు చంద్రగిరి దాటాక భాకరాపేట, చిత్తూరు వాళ్లకు పలమనేరు దారిలో మొగిలి. ఎక్కేటప్పుడు సగం క్లచ్ మీద నడపకుండా కింది గేరుకి మారండి. దిగేటప్పుడు రెండు లేదా మూడో గేరులో ఇంజినే బండిని పట్టుకోవాలి, బ్రేకు నొక్కి వదలాలి తప్ప పట్టుకునే ఉండకూడదు. కిందికొచ్చాక ఆగి, లివరు నొక్కండి. పైనున్నప్పటి గట్టిదనమే ఉంటే సరే. మెత్తబడితే లోపల ఇంకా పాత ఆయిలో, గాలో మిగిలింది. బండిని తిరుమల ఘాటు మొదలయ్యే అలిపిరి వైపు తిప్పకుండా ఇంటికి తెచ్చి, మళ్లీ బ్లీడింగ్ చేయండి.