కణం నడకని కొలుద్దాం – 4వ పాఠం: కైమోగ్రాఫ్

పోయిన పాఠంలో లామెల్లిపోడియం చూశాం కదా, కణం ముందువైపు 0.2 మైక్రాన్ల మందంలో ఉండే పల్చటి రేకు, దాన్నిండా కొమ్మలు కొమ్మలుగా అల్లుకున్న ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులు, కొమ్మలు వేయించే ఆర్ప్2/3 అనే ప్రోటీన్ల గుంపు దగ్గర ఒక్కో కొమ్మ దాదాపు 70 డిగ్రీల కోణంలో పుట్టడం. ఇవ్వాళ ఆ అంచు ఎంత స్పీడుగా ముందుకొస్తోంది, లోపల ఆక్టిన్ ఎంత స్పీడుగా పెరుగుతోంది అన్నది కొలుద్దాం. రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది, కాదు, ఈ పాఠం మొత్తం ఆ తేడా గురించే. కొలిచేది కైమోగ్రాఫ్‌తో, అంటే వీడియోలో ఒకే గీత మీద కనపడేదాన్ని ఫ్రేము తర్వాత ఫ్రేముగా కిందకి పేర్చిన బొమ్మతో.

ఆక్టిన్ అంచు దగ్గర కొత్తగా చేరుతూ పెరుగుతుంది, కానీ ఆ అల్లికని వెనకనుంచి మయోసిన్ అనే లాగుడు ప్రోటీన్ లాగుతుంటుంది, ముందునుంచి కణపు పొర వెనక్కి నెడుతుంటుంది, దాంతో అల్లిక మొత్తం కణం మధ్యకి జారుతూ ఉంటుంది. దీన్నే రెట్రోగ్రేడ్ ఫ్లో అంటారు. బురదలో దిగబడ్డ ట్రాక్టర్ చూసుంటారుగా, చక్రం తిరుగుతూనే ఉంటుంది బండి మాత్రం కదలదు, టైరుకి ఎక్కడో పట్టు దొరికితేనే ముందుకి పోతుంది. కణానికి ఆ పట్టు ఇచ్చేవి పొరలో ఉండే ఇంటిగ్రిన్లు, వాటిని ఆక్టిన్‌తో కలిపే టాలిన్, వింకులిన్ లాంటి ప్రోటీన్లు. 1988లో టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ చెప్పిన క్లచ్ ఆలోచన ఇదే.

మరి ఈ జారడం కళ్ళకి కనపడేదెలా? ఆక్టిన్ అంతటికీ రంగు పట్టిస్తే అంతా ఒకే వెలుగు, అది కదిలినా మనకి తెలీదు. 1985లో యు-లి వాంగ్ మెరిసే ఆక్టిన్‌లో చిన్న మచ్చని లేజర్‌తో ఆర్పేసి చూస్తే ఆ మచ్చ నిమిషానికి సుమారు 0.8 మైక్రాన్ల స్పీడుతో వెనక్కి పోయింది. 1991లో జూలీ థెరియో, మిచిసన్ గోల్డ్‌ఫిష్ పొలుసుల మీంచి తీసిన కెరటోసైట్లలో (చర్మపు కణాల్లో) దీనికి తిరగేసి, ఆక్టిన్‌లో ఒక గీతని వెలిగించి చూశారు, ఆ గీత గాజు మీద దాదాపు ఉన్నచోటే ఉంది, కణమే దాన్ని దాటుకుంటూ ముందుకెళ్ళిపోయింది! నాకు ఈ రంగంలో ఇంతకంటే ఇష్టమైన ప్రయోగం లేదు, ఎందుకంటే ఇక్కడ పట్టు గట్టిగా ఉంది కాబట్టి పెరిగిందంతా నడకకే పోతోందని ఒక్క గీతతో తేలిపోయింది. ఆ తర్వాత 1990ల చివర్లో క్లేర్ వాటర్‌మన్-స్టోరర్, టెడ్ శామన్ వాళ్ళు రంగున్న ఆక్టిన్‌ని చాలా కొంచెం మాత్రమే కలిపి చుక్కలు చుక్కలుగా కనపడేలా చేశారు. మనం కొలిచేది ఆ చుక్కలనే.

వీడియో తీసేటప్పుడు టిర్ఫ్ అనే రకం మైక్రోస్కోపు ఉంటే మంచిది, గాజుకి ఆనుకుని ఉన్న 100-200 నానోమీటర్ల లోతు మాత్రమే వెలుగుతుంది కాబట్టి పైనున్న మసక రాదు. టిర్ఫ్ లేకపోతే స్పిన్నింగ్ డిస్క్ కన్ఫోకల్ మైక్రోస్కోపు వాడండి. పిక్సెల్ 0.1 మైక్రాన్, ఫ్రేముకీ ఫ్రేముకీ 3 సెకన్లు పెట్టుకుందాం. లేజర్ ఎక్కువైతే కణం ముడుచుకుపోతుంది, అందుకని లేజర్ తగలని పక్క కణాలు కూడా ఇలాగే కదులుతున్నాయా అని తప్పకుండా చూడండి.

ఇప్పుడు ఫిజీలో (బొమ్మల్ని కొలిచే ఉచిత సాఫ్ట్‌వేర్) వీడియో తెరవండి. కణం లోపల మొదలుపెట్టి అంచు దాటి బయటికి వచ్చేలా స్ట్రెయిట్ లైన్ గీయండి, అంచుకి సరిగ్గా లంబంగా. వంకరగా గీస్తే అంచు స్పీడు ఎక్కువ చూపిస్తుంది, 60 డిగ్రీలు ఒరిగితే ఏకంగా రెట్టింపు. తర్వాత ఇమేజ్, స్టాక్స్, రీస్లైస్. అక్కడ అవాయిడ్ ఇంటర్‌పోలేషన్ అన్న దానికి టిక్ పెట్టండి, లేకపోతే టైమ్ వైపు సాగిపోయి లెక్కంతా పాడవుతుంది.

వచ్చిన బొమ్మే కైమోగ్రాఫ్. అందులో అడ్డంగా దూరం, కిందకి టైమ్, ఒక్కో అడ్డవరస ఒక్కో ఫ్రేము. అంచు ముందుకెళ్తుంటే వెలుగు, చీకటి కలిసే గీత కిందకి వచ్చేకొద్దీ బయటివైపు ఒరుగుతుంది, చుక్కలు మాత్రం చారలుగా లోపలివైపు ఒరుగుతాయి. చారలు పొట్టిగా ఉంటే కంగారుపడకండి, ఆక్టిన్ విడిపోతూ ఉంటుంది కాబట్టి చుక్కలు ఆరిపోతుంటాయి.

ఉదాహరణకి అంచు 60 వరసల్లో 36 పిక్సెళ్ళు బయటికి వచ్చిందనుకోండి, అంటే 3 నిమిషాల్లో 3.6 మైక్రాన్లు, నిమిషానికి 1.2. చార 20 వరసల్లో 8 పిక్సెళ్ళు లోపలికి పోయింది, అంటే నిమిషానికి 0.8. ఆక్టిన్ పెరిగే స్పీడు ఈ రెండూ కలిపితే వచ్చేది, నిమిషానికి 2 మైక్రాన్లు. ఒక్కో ఆక్టిన్ అణువు పోగుని 2.7 నానోమీటర్లు పొడిగిస్తుంది కాబట్టి, అంచుకి ఎదురుగా నిలబడ్డ పోగుకి సెకనుకి సుమారు 12 అణువులు చేరుతున్నట్టు. మసక బొమ్మలోంచి అణువుల లెక్క దాకా వచ్చేశాం చూడండి!

ఒక జాగ్రత్త. గాజుకి అంటుకున్న ఏదైనా దుమ్ము మీదుగా కూడా ఒక కైమోగ్రాఫ్ తీయండి, దాని గీత నిట్టనిలువుగా రావాలి, ఒరిగితే మైక్రోస్కోపు స్టేజీ (గాజుని పెట్టే పలక) జరిగినట్టే. అప్పుడు ఫ్రేముల్ని ఒకదానితో ఒకటి సరిపెట్టే స్టాక్‌రెగ్ అనే ప్లగిన్ వాడి సరిచేద్దాం అనిపిస్తుంది కానీ ఫ్రేములో కణమే ఎక్కువ జాగా ఉంటే అది కణాన్నే నిలబెట్టేసి మీరు కొలవాలనుకున్న కదలికనే తీసేస్తుంది, అందుకని దుమ్ము ఎంత జరిగిందో కొలిచి ఆ మేరకి తీసేయడమే నయం.

వచ్చే పాఠానికి రెండు లెక్కలు చేసుకురండి. ఒక కైమోగ్రాఫ్‌లో అంచు నిట్టనిలువుగా ఉంది, చారలు 20 వరసల్లో 10 పిక్సెళ్ళు లోపలికి ఒరిగాయి, ఆ కణంలో ఆక్టిన్ ఎంత స్పీడుగా పెరుగుతోంది? రెండోది, పైన చెప్పిన గోల్డ్‌ఫిష్ కెరటోసైట్‌కి కైమోగ్రాఫ్ తీస్తే అంచు, చారలు ఎటెటు ఉంటాయో కాగితం మీద గీయండి.