అఫిలియేట్ ప్రచారం నష్టంలో నడుస్తోందా? ఆపే ముందు ఇవి చూడండి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో మన తెలుగువాళ్ల కోసం అఫిలియేట్ లింకులు (వాటి ద్వారా ఎవరైనా కొంటే మనకు కమీషన్ వచ్చే లింకులు) నడిపేవారు చాలామంది ఖర్చు ఎంత, కమీషన్ ఎంత అని మాత్రమే చూసి, ఆపాలో కొనసాగించాలో తేల్చేస్తున్నారు. లోపం ఎక్కడుందో తెలియకుండా ఏది చేసినా డబ్బు పోతుంది.

సమస్య: యాడ్ వేలమందికి కనిపిస్తోంది, క్లిక్కులు రావడం లేదు

కారణం: ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదువుకున్నవారు ఇక్కడ ఎందరో. తెలుగు వింటే ప్రాణం లేచివస్తుంది, అక్షరాలు మాత్రం కూడబలుక్కోవాలి. పోస్టరు నిండా తెలుగు రాత ఉంటే అలాగే దాటిపోతారు. మహారాష్ట్రలోని సిరొంచ వైపు మరాఠీ బడుల్లో చదివినవారిదీ ఇదే పరిస్థితి.

పరిష్కారం: ఆ మాటలే చిన్న వీడియోలో తెలుగులో చెప్పండి. రాతలో వస్తువు పేరు, ధర చాలు, వాటిని ఒడియాలో కూడా వేయండి. ఇంకొకటి: ఫేస్‌బుక్ యాడ్‌లో భాషగా తెలుగును ఎంచుకుంటే, ఫేస్‌బుక్‌ను ఇంగ్లిషులో వాడుకునే తెలుగువారు జాబితాలోంచి జారిపోతారు. ఆ గడి ఖాళీగా వదిలేయండి.

సమస్య: క్లిక్కులు ఉన్నాయి, అమ్మకాలు సున్నా

ముందు క్లిక్కులు ఎన్నో చూడండి. 100 క్లిక్కులకు ఒక్క అమ్మకమూ లేకపోయినా, అసలు అమ్మకాల రేటు 3 శాతం దాకా ఉండే అవకాశం ఉంది. 3ను క్లిక్కుల సంఖ్యతో భాగిస్తే ఆ గరిష్ఠ రేటు సుమారుగా తెలుస్తుంది. అదే 300 క్లిక్కుల తరువాతా సున్నా అయితే, రేటు 1 శాతం మించదని దాదాపు నమ్మవచ్చు. యాభై క్లిక్కులకే నిరాశపడి ఆపేయడం తొందరపాటు.

కారణం: సరిహద్దులో నేను ముందుగా అనుమానించేది పిన్‌కోడ్‌ను. పర్లాకిమిడి చుట్టూ యాడ్ వలయం గీస్తే అందులోకి శ్రీకాకుళం జిల్లా పాతపట్నం కూడా వస్తుంది. యాడ్ ఒకటే అయినా పిన్‌కోడ్‌లు ఒడిశా వైపు 7తో, ఆంధ్ర వైపు 5తో మొదలవుతాయి. వస్తువు పేజీలో పర్లాకిమిడి పిన్‌కోడ్ 761200 కొట్టి చూడండి. ‘ఈ చిరునామాకు పంపలేము’ అని వచ్చినా, వస్తువు అందాక డబ్బిచ్చే వీలు లేకపోయినా కారణం దొరికినట్టే.

పరిష్కారం: రెండు వైపులకూ వేరువేరు యాడ్‌లు, వేరువేరు ట్రాకింగ్ ఐడీలు (ఏ లింకు నుంచి ఆర్డరు వచ్చిందో చెప్పే గుర్తులు) పెట్టండి. లింకును ఫేస్‌బుక్ లోపలి నుంచే నొక్కి, చివరి పేజీ వరకు లింకులో మీ ట్యాగ్ (ఆ ఐడీ) నిలిచి ఉందో లేదో చూడండి. పరీక్ష కోసం మీరే కొనకండి. సొంత కొనుగోలుకు అమెజాన్ కమీషన్ ఇవ్వదు.

సమస్య: ఆర్డర్లు వస్తున్నా కమీషన్ తగ్గిపోతోంది

వెనక్కి వచ్చిన సరుకుకు కమీషన్ రద్దవుతుంది. కొలతలతో పేచీ వచ్చే దుస్తులు, చెప్పులు తగ్గించి వంటింటి సామానుకు మారండి.

సమస్య: అన్నీ సరిగా ఉన్నాయి, అయినా నష్టమే

కారణం: లెక్కే కుదరడం లేదు. ఉదాహరణకు 1,500 రూపాయల మిక్సీకి 4 శాతం కమీషన్ అనుకుంటే వచ్చేది 60 రూపాయలు. వంద క్లిక్కులకు రెండు ఆర్డర్లయితే 120, అంటే క్లిక్కుకు 1.20. మీరు క్లిక్కుకు 3 రూపాయలు పెడుతుంటే, పెట్టుబడి రావడానికే వందకు ఐదు ఆర్డర్లు కావాలి. పోస్టరు రంగు మార్చితే అంత తేడా రాదు.

పరిష్కారం: కమీషన్ ఎక్కువున్న వస్తువుకు మారండి, లేదా ఆపండి. ఇప్పటికే పెట్టిన డబ్బును ఈ లెక్కలోకి రానివ్వకండి, ఆపినా కొనసాగించినా అది తిరిగి రాదు. ఒక్క మినహాయింపు ఉంది. వానాకాలం మొదట్లో రైతుల డబ్బు విత్తనాలకూ ఎరువులకూ పోతుంది. ఆ నెలల అమ్మకాలు చూసి తీర్పు చెప్పకుండా, రాయగడ వైపు పత్తి డబ్బు చేతికొచ్చే రోజుల్లో చిన్న మొత్తంతో మరోసారి పరీక్షించండి. ఎంత పోతే ఆపాలో ముందే కాగితం మీద రాసుకోండి.

ఆపాలని తేలితే యాడ్ ఖర్చు మాత్రమే ఆపండి, వీడియోలను, వాటి కింది లింకులను ఉండనివ్వండి. అమెజాన్‌లో కొత్త అఫిలియేట్ ఖాతాకు 180 రోజుల్లో కనీసం 3 అమ్మకాలు జరగాలి, లేకపోతే మూసేస్తారు. ఆ గడువులో ఉన్నవారికి పాత వీడియోల నుంచి వచ్చే ఒకటి రెండు ఆర్డర్లూ లెక్కలోకి వస్తాయి.