లక్ష కిలోమీటర్లు దాటిన వంద సి.సి. బండి: ట్యాపెట్, రాకర్, వాల్వు సమస్యలు - పరిష్కారాలు

1985లో వచ్చిన సి.డి. 100, 1994లో వచ్చిన స్ప్లెండర్ మొదలుకొని మన ఊళ్లలో ఏళ్ల తరబడి తిరుగుతున్న వంద సి.సి. బళ్లలో చాలావాటిది ఒకే వంశపు ఇంజన్. 50 మిల్లీమీటర్ల బోరు, 49.5 మిల్లీమీటర్ల స్ట్రోకు, 97.2 సి.సి., రెండు వాల్వులు, హెడ్డులోనే (సిలిండర్ పై భాగంలోనే) తిరుగుతూ వాల్వులను తెరిపించే ఒక క్యామ్, దాన్ని తిప్పే టైమింగ్ చైను. ఇంజన్ నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కో వాల్వు 2,000 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది కాబట్టి, లక్ష కిలోమీటర్లు దాటాక ఈ భాగాలు అరగడం సహజమే. అయితే ఏది అరిగిందో కొలిచి తేల్చుకోకుండా హెడ్డు విప్పి చేతికందినవన్నీ మారిస్తే యజమాని డబ్బు పోతుంది, కారణం మాత్రం లోపలే ఉండిపోతుంది.

ముందుగా చేయవలసిన కొలత

లక్షణం ఏదైనా, మొదట చూడవలసినది ట్యాపెట్ సందు, అంటే రాకర్ చివరి స్క్రూకూ వాల్వు కాడకూ మధ్య ఉండే సన్నని ఖాళీ. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి. రాత్రంతా నిలిపి ఉంచిన బండిని తెల్లవారి కిక్కు కొట్టకముందే చూడడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. స్పార్క్ ప్లగ్గు, రెండు ట్యాపెట్ మూతలు, ఎడమవైపు మ్యాగ్నెట్ కవరు మీది మూతలు తీసి, సాకెట్ పానాతో మ్యాగ్నెట్‌ను ఎడమచేతి వైపుకు, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా, నెమ్మదిగా తిప్పుతూ 'టి' గుర్తును (పిస్టన్ పైకి చేరిందని చూపేది) గాడికి ఎదురుగా తేవాలి. దానికి కొంచెం ముందు 'ఎఫ్' గుర్తు వస్తుంది. అది స్పార్కుకు సంబంధించినది, అక్కడ ఆపి కొలిస్తే లెక్క తప్పుతుంది. 'టి' కుదిరాక రెండు రాకర్లనూ (క్యామ్ కదలికను వాల్వుకు అందించే చిన్న మీటలు) వేలితో కదిపి చూడాలి. రెండూ కొద్దిగా ఆడితే సరైన చోట ఉన్నట్టు, ఒకటి బిగుసుకుని ఉంటే మరో పూర్తి చుట్టు తిప్పాలి.

ఈ తరగతి ఇంజన్లలో సందు సాధారణంగా 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మీ మోడల్‌కు సర్వీసు పుస్తకంలో రాసిన అంకెనే పాటించాలి. ఫీలర్ గేజి (మందం రాసి ఉన్న సన్నని రేకుల కట్ట) రేకు సందులో దూరి, లాగినప్పుడు నూనె రాసిన కాగితంలా స్వల్పంగా పట్టుకుంటూ రావాలి. లాక్ నట్ బిగించేటప్పుడు స్క్రూ కూడా వెంట తిరుగుతుంది కనుక, బిగించాక మళ్లీ రేకు పెట్టి చూడకుండా మూత వేయకూడదు.

సమస్య: హెడ్డులో టకటక శబ్దం

సందు పెరగడమే ఎక్కువ సందర్భాల్లో కారణం, సరిచేస్తే శబ్దం పోతుంది. సరిచేసిన కొద్ది రోజులకే తిరిగి వస్తున్నా, రేకు ప్రకారం సందు సరిగ్గా ఉండి కూడా శబ్దం తగ్గకపోయినా ట్యాపెట్ స్క్రూ మొనను చూడాలి. పాత స్క్రూ మొన అరిగి, వాల్వు కాడ ముద్ర పడి చిన్న గుంటలా తయారవుతుంది. చదునైన రేకు ఆ గుంట అంచుల మీదుగా పోతుందే తప్ప గుంట లోతును కొలవదు, కాబట్టి గేజి చూపినదానికన్నా అసలు సందు ఎక్కువగా ఉంటుంది. పాత బండిని సర్దడానికి కూర్చున్నప్పుడు స్క్రూలను మార్చేయడమే మేలు, వాటికి అయ్యే ఖర్చు చాలా తక్కువ.

శబ్దం అప్పటికీ ఉంటే రాకర్‌ను దాని షాఫ్టు మీద పైకీ కిందకీ కదిపి చూడాలి. తరువాత రాకర్ మడమ (క్యామ్‌కు ఆనే చివర), క్యామ్ ముక్కు (ఉబ్బెత్తు కొన) చూడాలి. ఆరోగ్యంగా ఉన్న క్యామ్ ముక్కు అద్దంలా నున్నగా ఉంటుంది. గోరుకు తగిలే గీతలు, సూదితో పొడిచినట్టున్న గుంటలు కనిపిస్తే పై గట్టి పొర పోయినట్టే, ఇక దాన్ని సర్దడం వల్ల ప్రయోజనం లేదు. ఖాళీగా నడుస్తున్నప్పుడూ, యాక్సిలరేటర్ వదిలినప్పుడూ గొలుసు గలగలలాడినట్టు వినిపిస్తే అది ట్యాపెట్ శబ్దం కాదు. టైమింగ్ చైను, దాని రబ్బరు రోలర్లు, టెన్షనర్ చూసుకోవాలి.

క్యామ్ పాడైతే అది ఎందుకు పాడైందో తెలుసుకోకుండా కొత్తది వేయకూడదు. చాలావరకు పైకి ఆయిల్ చేరకపోవడమే కారణం. ఈ ఇంజన్లో పట్టేది లీటరుకు లోపు ఆయిలే, అందులో కొంత తగ్గినా ముందు నష్టపోయేది హెడ్డు. ఆయిల్ జాలీ, మడ్డిని విసిరి పట్టే సెంట్రిఫ్యూగల్ ఫిల్టర్ శుభ్రం చేసి, ఇంజన్‌ను నెమ్మదిగా నడుపుతూ ట్యాపెట్ మూత తీసి లోపల ఆయిల్ తడి చేరుతున్నదో లేదో కళ్లతో చూడాలి.

సమస్య: శబ్దం లేదు, కానీ బలం తగ్గింది, వేడెక్కితే స్టార్ట్ కాదు

అందరూ పట్టించుకోకుండా వదిలేసే లక్షణం ఇదే, ఇంజన్‌కు ఎక్కువ ముప్పు తెచ్చేదీ ఇదే. ఉదయం సాయంత్రం రెండు పాలక్యాన్లతో తిరిగే ఒక రైతు బండి మా షెడ్డుకు వచ్చింది. "శబ్దమే లేదు కదన్నా, ఇంజన్ ఏం పాడవుతుంది?" అన్నాడాయన. చల్లారాక కొలిస్తే ఇన్‌లెట్ (పెట్రోలు-గాలి లోపలికి వచ్చే) వాల్వు సందు సరిగానే ఉంది, ఎగ్జాస్ట్ (పొగ బయటికి పోయే) వైపు గేజిలోని అతి సన్నని రేకు కూడా దూరలేదు. హెడ్డు విప్పితే ఎగ్జాస్ట్ వాల్వు అంచున ఒకచోట గోరంత మేర కాలి, బియ్యపుగింజ వెడల్పున తిన్నట్టు పోయి ఉంది.

వాల్వు ముఖం, అది మూసుకున్నప్పుడు ఆనే సీటు అరిగేకొద్దీ వాల్వు హెడ్డులోకి పైకి దిగబడుతుంది, దాంతో ట్యాపెట్ సందు తగ్గిపోతుంది. వేడికి కాడ సాగినప్పుడు సందు పూర్తిగా పోయి వాల్వు సీటు మీద ఆనదు. వాల్వు తన వేడిని ఎక్కువ భాగం సీటుకే ఇచ్చి చల్లారుతుంది కనుక, ఆనని వాల్వు కాలిపోవడానికి ఎంతోకాలం పట్టదు. ట్యాపెట్ శబ్దం వినపడకూడదని సందును మరీ బిగించేసే అలవాటు కూడా ఇదే ఫలితానికి దారి తీస్తుంది.

తేల్చుకునే మార్గం సులువు. ముందు కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూసి, ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పెరిగితే పిస్టన్ రింగులు, బోరు అరిగినట్టు, పెరగకపోతే వాల్వుల మీద అనుమానం. రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో రంధ్రం గుండా గాలి పట్టించగలిగితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది: కార్బురేటర్లో బుస వినిపిస్తే ఇన్‌లెట్, సైలెన్సర్లో వినిపిస్తే ఎగ్జాస్ట్, ఆయిల్ పోసే చోట వినిపిస్తే రింగులు.

సమస్య: ఉదయం స్టార్ట్ చేయగానే నీలిపొగ

పొగ కాసేపు వచ్చి ఆగిపోతున్నా, దిగుడులో యాక్సిలరేటర్ వదిలి మళ్లీ ఇచ్చినప్పుడు వస్తున్నా వాల్వు సీలు (కాడ వెంట ఆయిల్ జారకుండా ఆపే రబ్బరు) గట్టిపడి ఉంటుంది. యాక్సిలరేటర్ ఇచ్చినంతసేపూ పొగ వస్తుంటే రింగుల పనిగా భావించాలి. సీలు మార్చేటప్పుడు వాల్వును కొద్దిగా పైకెత్తి పక్కలకు ఊపి చూడాలి, గైడు (వాల్వు కాడ కదిలే గొట్టం) వదులుగా ఉంటే కొత్త సీలు ఎక్కువకాలం నిలవదు.

మార్చేటప్పుడు

టైమింగ్ స్ప్రాకెట్ విప్పేముందు చైనును తీగతో కట్టి పెట్టాలి, లేకపోతే అది లోపలికి జారిపోతుంది. క్యామ్ మారిస్తే రాకర్లు కూడా మార్చాలి. అరిగిన రాకర్ మడమ కొత్త క్యామ్‌ను కొద్దికాలంలోనే తినేస్తుంది. గైడు మార్చడం లేత్ షాపు పని. హెడ్డును సమానంగా వేడిచేసి, కొత్త గైడు ఎక్కించి, దాని రంధ్రాన్ని కొలతకు తెచ్చే రీమర్ వేశాక సీటును మళ్లీ 45 డిగ్రీల కోణంలో కోయించాలి. ఆ తర్వాత పేస్టుతో వాల్వును నూరితే చుట్టూ తెగిపోని, సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పున్న బూడిదరంగు పట్టీ కనిపించాలి. పేస్టు రవ్వంత మిగిలినా గైడును అరగదీస్తుంది కనుక కిరోసిన్‌తో కడిగి గుడ్డతో తుడవాలి. వాల్వులు, స్ప్రింగులు, లాకులు బిగించాక పోర్టులో (వాల్వు వెనకున్న దారిలో) పెట్రోలు పోసి ఐదు నిమిషాలు ఉంచితే ఇవతలి వైపు చుక్క కూడా దిగకూడదు.

క్యామ్‌కు, రాకర్లకు ఆయిల్ రాసి, 'టి' గుర్తుతో పాటు స్ప్రాకెట్ గుర్తు కూడా కుదిరేలా చైను ఎక్కించి, హెడ్డు నట్లను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. కిక్కు కొట్టేముందు ఇంజన్‌ను చేత్తో నాలుగు చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే బలవంతం చేయకుండా గుర్తులు మళ్లీ చూసుకోవాలి. కొత్త భాగాలు కూర్చునేకొద్దీ సందు మారుతుంది కాబట్టి 500 కిలోమీటర్లు నడిచాక, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మరోసారి కొలిచి, ఆ రోజు మీటరు రీడింగుతో పాటు రెండు సందుల అంకెలనూ రాసి పెట్టుకోవాలి. తరువాతి సర్వీసులో ఎగ్జాస్ట్ అంకె తగ్గినట్టు కనిపిస్తే వాల్వు కాలకముందే హెడ్డు విప్పవచ్చు.