పుస్తకం నుంచి ఫైలు దాకా – 4వ పాఠం: ఆ ఫైలు ఎవరు తెరవొచ్చు?

పోయిన పాఠంలోని లెక్కతో మొదలుపెడదాం. సురవరం ప్రతాపరెడ్డిగారు 1953లో, దాశరథి కృష్ణమాచార్యగారు 1987లో కన్నుమూశారు. రచయిత బతికుండగా అచ్చయిన రచనలకైతే, మరణించిన సంవత్సరానికి 60 కలపండి. వచ్చిన ఏడాది డిసెంబరు 31తో కాపీరైట్ తీరిపోతుంది. అంటే సురవరం రచనల మీద 2013తోనే తీరింది. దాశరథి రచనల మీద 2047 దాకా ఉంటుంది.

చిన్న మెలిక. మీ దగ్గరున్నది మొన్నీమధ్య కోఠిలో కొన్న సురవరం పునర్ముద్రణ అయితే, అందులోని కొత్త ముందుమాట, సంపాదకుల వివరణలు వాటిని రాసినవాళ్లవి. వాటిని వదిలేసి మూలం మాత్రమే స్కాన్ చేయండి.

ఇక ఈ పాఠం. నారాయణగూడలో ఒక డిగ్రీ కాలేజీ అనుకుందాం. లైబ్రరీలో 1970ల నాటి కవితా సంపుటి ఉంది, పేజీ తిప్పితే పొడి రాలుతోంది. కవి పోయి ఇరవయ్యేళ్లు. పుస్తకం ఇప్పుడు ఎక్కడా అమ్మకంలో లేదు, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అదృష్టం బాగుంటే తప్ప. లైబ్రేరియన్‌కు పుస్తకాన్ని కాపాడుకోవాలని ఉంది. తెలుగు మేడమ్‌కు అందులోంచి నాలుగు కవితలు క్లాసుకు కావాలి. ప్రిన్సిపాల్ గారికేమో మొత్తం పుస్తకం కాలేజీ వెబ్‌సైట్‌లో, కాలేజీ లోగోతో సహా, కనపడాలి. పుస్తకం ఒకటే, స్కాను ఒకటే. చట్టం మాత్రం మూడింటికి మూడు జవాబులు చెబుతుంది.

లైబ్రేరియన్ కోరికకు కాపీరైట్ చట్టం (1957) సెక్షన్ 52(1)(ఎన్) దారి చూపిస్తుంది. లాభాపేక్ష లేని పబ్లిక్ లైబ్రరీ తన దగ్గర అచ్చు ప్రతి ఉన్న రచనను భద్రపరచడానికి ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవచ్చు. 2012 సవరణతో వచ్చిన వెసులుబాటు ఇది. దాచుకోవచ్చు అంది గానీ, లోకానికి పంచొచ్చు అనలేదు. బయటివారిని గడప తొక్కనివ్వని కాలేజీ లైబ్రరీ పబ్లిక్ లైబ్రరీ కిందికి వస్తుందా అన్నది కూడా వాదనకు తావున్న విషయమే. అమ్మకంలో లేని పుస్తకానికి మూడు ప్రతులకు మించకుండా తీసుకోవచ్చనే వేరే నిబంధన, 52(1)(ఓ), కూడా ఇలాంటి లైబ్రరీలకే.

మేడమ్‌కు ఇబ్బంది తక్కువ. బోధనలో భాగంగా టీచరు గానీ విద్యార్థి గానీ ప్రతి తీసుకోవడానికి 52(1)(ఐ) ఒప్పుకుంటుంది. పుస్తకంలో పది శాతం దాకా పర్వాలేదు అనే మాట స్టాఫ్‌రూముల్లో వింటుంటాం. మన చట్టంలో ఆ లెక్క లేదు. ఢిల్లీ యూనివర్సిటీ ఫొటోకాపీ కేసులో (విద్యార్థులకు పుస్తక భాగాలు జిరాక్స్ తీసిచ్చినందుకు ప్రచురణకర్తలు వేసిన దావా) 2016 డిసెంబరులో హైకోర్టు ధర్మాసనం చూసింది శాతాన్ని కాదు, బోధనకు అంత అవసరమా లేదా అని. అయితే ఆ కేసు కాగితం ప్రతుల గురించి. పాస్‌వర్డ్‌తో విద్యార్థులకే తెరుచుకునే క్లాసు పేజీకి అదే తర్కం వర్తిస్తుందని నా అభిప్రాయం. ఎవరైనా తెరవగల లింకును మాత్రం క్లాసు అనడం కష్టం.

చూపు లేని విద్యార్థి ఉంటే అతను చదవగలిగే రూపంలోకి మార్చి ఇవ్వడానికి 52(1)(జెడ్‌బి) ఉంది. దీనికి అనుమతి కోసం ఆగక్కర్లేదు.

ప్రిన్సిపాల్ గారి కోరికకే అనుమతి తప్పనిసరి. కవి వారసుల్ని వెతకాలి. హక్కులు ప్రచురణకర్తకు రాసిచ్చారేమో కూడా కనుక్కోవాలి. సాధారణంగా వారసులు సంతోషంగానే ఒప్పుకుంటారు. చిక్కంతా ఉత్తరం రాయించుకోవడంలో వస్తుంది. “మా నాన్నగారి పుస్తకం వాడుకోండి” అని ఒక్క వాక్యం రాయించుకుని ఊరుకుంటారు. ఎంతకాలమో రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగా లెక్కేస్తుంది. ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. సెక్షన్ 19లోని ఈ నియమాలు లైసెన్సులకూ, అంటే ఇలాంటి వాడుక అనుమతులకూ, వర్తిస్తాయి. నెట్‌లో పెట్టిన ఫైలు డాలస్‌లోనూ తెరుచుకుంటుంది కదా! అందుకని ఉత్తరంలో ఇలా ఉండాలి:

“మా తండ్రిగారి ఫలానా పుస్తకాన్ని స్కాన్ చేసి, మీ కాలేజీ వెబ్‌సైట్‌లో ప్రపంచమంతటా ఉచితంగా చదవడానికి, దించుకోవడానికి, కాపీరైట్ గడువు తీరేదాకా, రుసుము లేకుండా అనుమతిస్తున్నాను. ఈ హక్కు నాకు వారసత్వంగా వచ్చింది.”

కింద సంతకం, తేదీ. వారసులు ముగ్గురుంటే ముగ్గురి సంతకాలూ. పెద్దబ్బాయి ఒక్కడు ఒప్పుకున్నాడని సరిపెట్టుకోకండి. వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ పంపితే అది సంతకం కాదు.

వారసులు ఎంతకీ దొరక్కపోతే సెక్షన్ 31ఏ కింద లైసెన్సు అడగొచ్చు. దరఖాస్తుకు ముందు దేశంలో ఎక్కువ భాగం చేరే ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వేయాలి. ఒక్క పుస్తకానికి ఇంత ఖర్చు చాలా కాలేజీలు పెట్టుకోవు. ఫైలు లైబ్రరీ కంప్యూటర్లోనే ఉంచుకోవడం మేలు.

వచ్చే పాఠానికి అభ్యాసం: మీ కాలేజీ 1962 వార్షిక సంచిక తీయండి. అందులో పేరు లేని వ్యాసం ఒకటి, అప్పటి విద్యార్థి పేరుతో అచ్చయిన కవిత ఒకటి ఉన్నాయనుకోండి. పేరు తెలియని రచనకు 60 ఏళ్లు అచ్చయిన సంవత్సరం నుంచి లెక్కిస్తారు. రెంటిలో దేన్ని నెట్‌లో పెట్టొచ్చు, దేనికి ఉత్తరం కావాలి?