ప్రాజెక్టుకి డిపెండెన్సీ టూల్ ఎలా ఎంచుకోవాలి?

విజయనగరంలో ఇంజనీరింగ్ పిల్లల ఫైనలియర్ ప్రాజెక్టులు ఏళ్ల తరబడి చూస్తున్నాను. కోడ్ బాగానే రాస్తారు. తీరా వైవా రోజున ల్యాబ్ సిస్టంలో అది నడవదు. "నా ల్యాప్‌టాప్‌లో నడిచింది సార్" అంటారు. నిజమే, నడిచే ఉంటుంది. అక్కడున్న లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) వెర్షన్లు ఇక్కడ లేవు. ప్రాజెక్టుకి కావలసిన లైబ్రరీలని దించి, వాటి వెర్షన్లు చూసుకునేదే డిపెండెన్సీ టూల్.

1. భాషని బట్టి టూల్ తీసుకోండి. జావాస్క్రిప్ట్ అయితే ఎన్‌పీఎం, నోడ్‌తో పాటే వస్తుంది. జావాకి మేవెన్. పైథాన్‌కి యూవీ, ఇంకోటి వద్దు. దిగిన పైథాన్ లైబ్రరీలన్నిటి జాబితా ఇచ్చే పిప్ ఫ్రీజ్ కమాండ్ చాలదా అని అడుగుతారు. మీరు కోరి తెచ్చుకున్న లైబ్రరీలనీ, వాటి వెంట వచ్చినవాటినీ అది ఒకే జాబితాలో కలిపేస్తుంది. ఆరు నెలల తర్వాత ఏది తీసేయొచ్చో మీకే తెలియదు. 2024లో వచ్చిన యూవీ ఆ రెంటినీ విడిగా ఉంచుతుంది. ఒకసారి దించిన ప్యాకేజీని దాచుకుని తర్వాతి ప్రాజెక్టుకీ వాడుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసే పిల్లలకి ఇది చిన్న విషయం కాదు.

2. టీం మొత్తం అదే టూల్ వాడాలి. ఇందులో మొహమాటం వద్దు.

3. లాక్ ఫైలు. అందరూ పాడుచేసేది ఇక్కడే.

కావలసిన లైబ్రరీల పేర్లు రాసే రిక్వైర్‌మెంట్స్ ఫైలులో ఉత్తినే 'పాండాస్' (డేటా పట్టికల పైథాన్ లైబ్రరీ) అని రాస్తే, కొత్త సిస్టంలో ఆ రోజుకి దొరికే కొత్త వెర్షన్ దిగుతుంది. పాండాస్ 1.5లో డేటాఫ్రేముకి (అంటే పట్టికకి) వరుసలు కలపడానికి అపెండ్ వాడితే వార్నింగ్ ఇచ్చి పనిచేసేది. 2023లో వచ్చిన 2.0లో దాన్ని తీసేశారు. మీరు ఒక్క అక్షరం మార్చకపోయినా ప్రోగ్రాం ఆగిపోతుంది. ఎన్‌పీఎంలోనూ ^4.17.1 అని ఉందంటే, 5.0.0 లోపు అంతకంటే కొత్తది ఏదైనా రావచ్చు.

కచ్చితంగా ఏ వెర్షన్ దిగిందో రాసిపెట్టేది లాక్ ఫైలే. దాన్ని కోడ్‌తో పాటే గిట్‌లో కమిట్ చేయండి. గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితా అయిన గిట్ఇగ్నోర్‌లో పెట్టకండి. చేత్తో దిద్దకండి. ఇద్దరి మార్పులు ఢీకొని కాన్‌ఫ్లిక్ట్ వచ్చిందని టెన్షన్ పడి డిలీట్ చేయకండి. అలా చేస్తే అన్ని లైబ్రరీల వెర్షన్లూ ఒక్కసారిగా మారిపోవచ్చు. యూవీలో అయితే ముందు మీరు కోరిన లైబ్రరీల పేర్లుండే పైప్రాజెక్ట్ ఫైలులోని కాన్‌ఫ్లిక్ట్ తీర్చండి, మెయిన్ బ్రాంచిలోని లాక్ ఫైలు తెచ్చుకోండి, ఆ తర్వాత 'యూవీ లాక్' నడపండి.

కొత్త సిస్టంలో 'ఎన్‌పీఎం ఇన్‌స్టాల్' బదులు 'ఎన్‌పీఎం సీఐ' వాడండి. లాక్ ఫైలు ప్యాకేజ్ జేసన్ ఫైలుతో (మీరు కోరిన లైబ్రరీల జాబితాతో) సరిపోలకపోతే అది అక్కడే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. యూవీలో 'సింక్'కి 'లాక్డ్' ఆప్షన్ కలపండి.

4. ఈ ప్రాజెక్టు ఎప్పుడూ నడవని ల్యాప్‌టాప్ ఒకటి అడిగి తీసుకుని, గిట్ నుంచి క్లోన్ చేసి నడిపి చూడండి. అక్కడ నడిచాకే రిపోర్టు బైండింగ్‌కి ఇవ్వండి.