యూకే షాపింగ్ సెంటర్‌లో పార్కింగ్ ఫైన్ పడిందా? కట్టే ముందు ఇది చదవండి

"అక్కా, ఫైన్ పడింది. వీసాకి ఏమైనా ప్రాబ్లమా?" లెస్టర్‌లో మా చుట్టుపక్కల ఉండే తెలుగు పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. చదువుకోడానికి వచ్చినవాళ్లు, కేర్ హోముల్లో పనిచేసేవాళ్లు, నైట్ డ్యూటీ నర్సులు. రిటైల్ పార్కులో కారు పెట్టి సరుకులు కొనుక్కొస్తారు. కొన్నాళ్లకి ఇంటికి ఉత్తరం వస్తుంది. కారు లోపలికి వస్తున్న ఫొటో, బయటికి వెళ్తున్న ఫొటో, పక్కన టైములు, కింద ముదురు అక్షరాల్లో 100 పౌండ్లు, 14 రోజుల్లోపు కడితే 60. అది చూడగానే కాళ్లూ చేతులూ ఆడవు. చాలామంది ఆ రాత్రే ఫోన్ తీసి కట్టేస్తారు. ఇంకొందరు "అవన్నీ ఉత్తుత్తి ఉత్తరాలు, పట్టించుకోకు" అని ఎవరో అన్నారని చించి పారేస్తారు. రెండూ తప్పే. రెండోది ఇంకా పెద్ద తప్పు.

ముందు వీసా భయం తీరుస్తాను. షాపింగ్ సెంటర్ కార్ పార్కులో ప్రైవేటు కంపెనీ వేసేది ప్రభుత్వ జరిమానా కాదు, నేరం అసలే కాదు. "మా స్థలంలో బోర్డు మీద రాసిన షరతులకి ఒప్పుకుని కారు పెట్టావు, వాటిని తప్పావు, డబ్బు కట్టు" అని ఒక కంపెనీ అడుగుతోంది, అంతే. లైసెన్స్ మీద పాయింట్లు పడవు. పోలీసు రికార్డు ఉండదు. నోటీసు వచ్చినంత మాత్రాన క్రెడిట్ స్కోరు కూడా కదలదు. అది కోర్టుదాకా వెళ్లి, మీరు ఓడి, అప్పటికీ కట్టకపోతే అప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. ఆ సంగతి చివర్లో చెబుతాను.

కాబట్టి ఉత్తరం పైన ఎవరి పేరుందో చూడండి. కౌన్సిల్ పేరో పోలీసు పేరో ఉంటే ఇక్కడ నేను చెప్పేది దానికి పనికిరాదు, దాని దారి వేరు. కౌన్సిల్‌ది పెనాల్టీ చార్జ్ నోటీస్, ప్రైవేటువాళ్లది పార్కింగ్ చార్జ్ నోటీస్. రెండింటినీ పీసీఎన్ అనే రాస్తారు కాబట్టి పూర్తి పేరు చదవండి.

తేదీలు లెక్కపెట్టండి

ఇంగ్లండ్, వేల్స్‌లో 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం ఉంది. డ్రైవర్ ఎవరో తెలియనప్పుడు లాగ్‌బుక్‌లో (కారు రిజిస్ట్రేషన్ కాగితంలో) పేరున్న మనిషి దగ్గర, అంటే కీపర్ దగ్గర, డబ్బు వసూలు చేసుకునే హక్కును కంపెనీకి ఇచ్చింది ఈ చట్టమే. ఆ హక్కు ఊరికే రాదు. నంబర్ ప్లేట్ కెమెరాలతో నడిచే కార్ పార్కు అయితే, కారు పెట్టిన మర్నాటి నుంచి 14 రోజుల్లోపు నోటీసు కీపర్ చేతికి అందాలి. పోస్ట్ చేయడం కాదు, అందాలి. పోస్టులో వేసిన ఉత్తరం రెండో పనిదినాన అందినట్టు చట్టం లెక్కేస్తుంది.

లెక్క ఎలా వేయాలో చూపిస్తాను. 2025 మార్చి 3, సోమవారం, మీరు కారు పెట్టారు. 4 నుంచి లెక్క మొదలు, 17తో 14 రోజులు పూర్తి. నోటీసు 13న, గురువారం, పోస్ట్ చేస్తే శుక్రవారం ఒకటి, సోమవారం రెండు, 17న అందినట్టు. గడువులోనే వచ్చింది. అదే 14న, శుక్రవారం, పోస్ట్ చేస్తే శని ఆదివారాలు పోను మంగళవారం, 18న అందినట్టు. ఒక్క రోజు దాటింది. ఆ ఒక్క రోజుతో కీపర్ నుంచి వసూలు చేసే హక్కు పోతుంది, ఇక డ్రైవర్‌నే అడగాలి. క్యాలెండర్ పక్కన పెట్టుకుని వేళ్ల మీద లెక్కపెట్టండి. ఉత్తరం వచ్చిన కవరు కూడా దాచండి. అద్దం మీద టికెట్ అంటించి వెళ్లిన కేసుల్లో, లీజు కార్ల విషయంలో ఈ గడువులు వేరు.

డ్రైవర్ ఎవరో వాళ్లకి తెలియనంతవరకే ఈ పాయింట్ మీకు పనికొస్తుంది. అందుకే జవాబులో "నేను కారు పార్క్ చేసి, నేను షాపుకి వెళ్లి" అని రాయొద్దని మొత్తుకుంటాను. "నేను ఈ కారు రిజిస్టర్డ్ కీపర్‌ని. డ్రైవర్ ఫలానా టైముకి లోపలికి వెళ్లారు" అని రాయండి. మన పిల్లల ఇళ్లలో కారు ఒకరి పేరు మీద ఉంటుంది, నడిపేది నలుగురు. డ్రైవర్ ఎవరో ప్రైవేటు కంపెనీకి చెప్పి తీరాలని చట్టం అనలేదు. అలాగని అబద్ధం రాయకండి. నడిపింది మీరైతే "నేను నడపలేదు" అని ఎక్కడా అనకూడదు. పోలీసులు అడిగితే మాత్రం సంగతి వేరు, వాళ్లకి చెప్పి తీరాలి.

స్కాట్లండ్‌లో, ఉత్తర ఐర్లండ్‌లో ఈ కీపర్ బాధ్యత చట్టం అమల్లో లేదు. గ్లాస్గోలోనో ఎడిన్‌బరాలోనో నోటీసు పడితే ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ముందు షాపు మేనేజర్‌ని కలవండి

కంపెనీకి జవాబు రాసే ముందే చేయాల్సిన పని ఇది. పార్కింగ్ కంపెనీ ఆ స్థలానికి యజమాని కాదు, చాలాచోట్ల కాంట్రాక్టు మీద పనిచేస్తుంది. యజమానో, షాపింగ్ సెంటర్ మేనేజ్‌మెంటో ఒక్క మెయిల్ పెడితే నోటీసు రద్దయిపోతుంది. బిల్లు పట్టుకుని కస్టమర్ సర్వీస్ డెస్క్ దగ్గరికి వెళ్లి, మర్యాదగా, గట్టిగా అడగండి. "మీ దగ్గర ఇంత సరుకు కొన్నాం, ఇదిగో బిల్లు, ఇదిగో నోటీసు, దీన్ని రద్దు చేయించండి." అక్కడివాళ్లు మా చేతుల్లో లేదంటే సెంటర్ మేనేజ్‌మెంట్‌కీ షాపు హెడ్ ఆఫీసుకీ బిల్లు ఫొటోతో మెయిల్ పెట్టండి. బిల్లు పారేసి ఉంటే బ్యాంక్ స్టేట్‌మెంట్ చాలు. ఈ లోపల అప్పీల్ గడువు మాత్రం ఆగదు, దాన్ని వదిలేయకండి.

పట్టు ఎక్కడ దొరుకుతుంది

కెమెరా చూసేది గేటులోంచి వచ్చిన టైమూ వెళ్లిన టైమూ మాత్రమే. కారు పెట్టి ఉంచిన టైమ్ కాదు. డిసెంబర్ శనివారం నాడు ఖాళీ కోసం తిరిగిన సేపూ, బయటికి వెళ్లే క్యూలో నిలబడిన సేపూ అందులో కలిసిపోతాయి. గడువు అయ్యాక బయటికి వెళ్లడానికి కనీసం 10 నిమిషాల వెసులుబాటు ఇవ్వాలని పార్కింగ్ కంపెనీల కోడ్‌లోనే, అంటే వాళ్లు పాటించాల్సిన నియమావళిలోనే ఉంది. ఆ కోడ్‌ను రెండు పార్కింగ్ సంఘాలు కలిసి రాసుకున్నాయి, 2024 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వం 2022లో తెచ్చిన సొంత కోడ్‌ను కొద్ది నెలలకే వెనక్కి తీసుకుంది. కంపెనీలు తమకి తాము రాసుకున్న నియమాలతో జనం నెట్టుకురావాల్సి రావడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. అయినా ఉన్నదాన్ని వాడుకోవాలి.

ఒకే రోజు రెండుసార్లు వెళ్తే ఇంకో చిక్కు వస్తుంది. పొద్దున్న పాలకి వెళ్లి వచ్చేశారు, సాయంత్రం మళ్లీ వెళ్లారు. కెమెరా మధ్యలో మీరు బయటికి వెళ్లడం పట్టుకోకపోతే రోజంతా అక్కడే ఉన్నట్టు లెక్క. ఫోన్‌లో గూగుల్ టైమ్‌లైన్, మధ్యాహ్నం ఇంకోచోట కార్డు వాడిన స్టేట్‌మెంట్, డ్యూటీ రోటా, ఏది ఉంటే అది జత చేయండి.

నంబర్ తప్పు కొట్టిన కేసులు మరీ ఎక్కువ. మా వీధిలో ఒక అబ్బాయి మెషీన్‌లో 3 పౌండ్లు కట్టి టికెట్ తీసుకున్నాడు. కారు నంబర్‌లో సున్నా ఉన్నచోట ఇంగ్లిష్ ఓ అక్షరం కొట్టాడు. మెషీన్ కిక్కురుమనకుండా తీసుకుంది. తర్వాత "ఈ కారుకి టికెట్ కొనలేదు" అని నోటీసు. యూకే నంబర్ ప్లేట్ చూడండి, ఇప్పటి పద్ధతిలో మొదట రెండు అక్షరాలు, తర్వాత రెండు అంకెలు, చివర మూడు అక్షరాలు. అంకె ఉండాల్సిన చోట అక్షరం పడిందంటే వేలు జారిందని ఎవరికైనా తెలుస్తుంది. బ్యాంకులో 3 పౌండ్లు కట్ అయిన ఎంట్రీ పెట్టి, అదే నిమిషంలో మీ మెషీన్‌లో పడిన నంబర్లు తీసి చూడండి అని రాశాం. రద్దు చేశారు. ఇలాంటి చిన్న పొరపాట్లకి నోటీసు రద్దు చేయాలని ఆ కోడ్‌లోనే ఉంది.

2025 ఫిబ్రవరిలో ఆ కోడ్‌లో ఒక మార్పు వచ్చింది. కెమెరాలతో నడిచే కార్ పార్కులో డబ్బు కట్టడానికి ఐదు నిమిషాలకి మించి పట్టిందని నోటీసు ఇవ్వకూడదు, బయటికి వెళ్లేలోపు కడితే చాలు. యాప్ లోడ్ కాక, సిగ్నల్ లేక అవస్థపడినవాళ్లకి ఇది పెద్ద ఊరట.

బోర్డుల సంగతి తప్పకుండా చూడండి. మళ్లీ వెళ్లి, అదే వేళకి, కారు సీట్లోంచి కనిపించేలా ఫొటో తీయండి. చెట్టు కొమ్మ అడ్డమా, రాత్రి లైటు ఉందా, 100 పౌండ్ల మాట చదవగలిగేంత పెద్దగా ఉందా. ఆ స్థలంలో నోటీసులు ఇవ్వడానికి యజమానితో మీకున్న ఒప్పందం చూపించండి అని కంపెనీని అడగొచ్చు కూడా. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి నడక కష్టమై ఆలస్యమైతే, వైకల్యం ఉన్నవాళ్లయితే, 2010 ఈక్వాలిటీ చట్టాన్ని పేరుపెట్టి రాయండి, డాక్టర్ కాగితం ఉంటే జత చేయండి.

"మీకు నష్టమేమీ రాలేదు కదా, ఇంత ఎందుకు" అనే వాదన మాత్రం వదిలేయండి. చెల్మ్స్‌ఫర్డ్ రిటైల్ పార్కులో రెండు గంటల ఉచిత పార్కింగ్‌కి మించి 56 నిమిషాలు ఉన్నందుకు వేసిన 85 పౌండ్లు చెల్లుతాయని 2015లో సుప్రీంకోర్టు తేల్చేసింది. పాత నమూనా ఉత్తరాల్లో ఆ వాదన ఇంకా తిరుగుతోంది. అది కాపీ కొట్టారంటే మీ అసలు పాయింట్ కూడా పలచబడిపోతుంది. ఇక బోర్డు బాగా కనిపిస్తూ, మీరు గంటలకొద్దీ ఎక్కువ ఉండి, చెప్పుకోడానికి కారణం లేకపోతే, 14 రోజుల్లోపు 60 కట్టేయడమే నా సలహా.

అప్పీల్

కంపెనీకి అప్పీల్ చేయడానికి 28 రోజులు ఉంటాయి. మీరు మాత్రం మొదటి 14 రోజుల్లోనే చేయండి. అప్పుడు వాళ్లు కాదన్నా తగ్గింపు ధరకి కట్టే అవకాశం మళ్లీ ఇవ్వాలి. వెబ్‌సైట్‌లో పెడితే సబ్మిట్ కొట్టిన పేజీని స్క్రీన్‌షాట్ తీయండి. పొడుగ్గా రాయొద్దు. ఇంట్లో కష్టాలు, జీతం ఆలస్యం, ఇవేవీ పనిచేయవు. తేదీలు, టైములు, రుజువులు, ఏ నియమం తప్పారో, అంతవరకే.

వాళ్లు కాదంటే బయట అప్పీల్ ఉంది. కంపెనీ బ్రిటిష్ పార్కింగ్ అసోసియేషన్ సభ్యురాలైతే పోప్లా అనే అప్పీళ్ల సంస్థకి వెళ్లాలి, 28 రోజుల గడువు, అక్కడ అప్పీల్ పెట్టడానికి కావాల్సిన కోడ్ నంబరు తిరస్కరణ ఉత్తరంలోనే ఉంటుంది. ఇంటర్నేషనల్ పార్కింగ్ కమ్యూనిటీ సభ్యురాలైతే ఇండిపెండెంట్ అప్పీల్స్ సర్వీస్, 21 రోజులు. గడువులోపు వెళ్తే రెండూ ఉచితం. పోప్లాలో కంపెనీ తన రుజువులు పెట్టాక మీరు జవాబు చెప్పడానికి 7 రోజులే ఇస్తారు. ఆ మెయిల్ స్పామ్‌లో పడిపోతుంది, రోజూ చూసుకోండి. అక్కడ గెలిస్తే కంపెనీ కట్టుబడాలి. ఓడితే మీరు కట్టుబడి తీరాలని లేదు గాని, తగ్గింపు పోతుంది.

ఎర్ర అక్షరాల ఉత్తరాలు, కోర్టు

తర్వాత అప్పు వసూలు కంపెనీల నుంచి ఉత్తరాలు వస్తాయి. 70 పౌండ్లు కలిపి 170 అంటారు. వీళ్లు బెయిలిఫ్‌లు, అంటే కోర్టు తరఫున జప్తు చేసేవాళ్లు, కారు. ఇంట్లోకి రాలేరు, సామాను ముట్టలేరు. ఫోన్ చేస్తే మాట్లాడాల్సిన పని లేదు. ఉత్తరాలన్నీ ఫైల్‌లో పెట్టుకోండి.

"లెటర్ బిఫోర్ క్లెయిమ్", అంటే కోర్టుకి వెళ్లే ముందు ఇచ్చే ఆఖరి హెచ్చరిక, వస్తే మాత్రం 30 రోజుల్లోపు రాతపూర్వకంగా జవాబివ్వండి. ఆ తర్వాత కోర్టు క్లెయిమ్ ఫారం వస్తే పనులన్నీ పక్కన పెట్టి కూర్చోండి. ఫారం అందిన 14 రోజుల్లోపు అందిందని ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే, డిఫెన్స్ (మీ వైపు వాదన) రాయడానికి మొత్తం 28 రోజులు దొరుకుతాయి. తర్వాత ఫోన్‌లో గంటసేపు ఉచిత మధ్యవర్తిత్వం ఉంటుంది. అక్కడ తేలకపోతే స్మాల్ క్లెయిమ్స్ (చిన్న మొత్తాల కేసుల) విచారణ. లాయర్ లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు.

జవాబే ఇవ్వకపోతే కోర్టు కంపెనీ చెప్పిందే నిజమని తీర్పు ఇచ్చేస్తుంది. దాన్ని సీసీజే (కౌంటీ కోర్టు జడ్జిమెంట్) అంటారు. నెలలోపు మొత్తం కడితే రికార్డు నుంచి తీసేస్తారు. లేకపోతే ఆరేళ్లు ఉంటుంది. ఇల్లు అద్దెకి తీసుకోవాలన్నా, మార్ట్‌గేజ్ (ఇంటి లోన్) అడగాలన్నా అది అడ్డం తగులుతుంది. రేపు పౌరసత్వానికి అప్లై చేసినప్పుడు ఫారంలో సివిల్ తీర్పుల గురించి కూడా అడుగుతారు.

నేను చూసిన సీసీజేల్లో బాధ కలిగించేవి ఇల్లు మారినవాళ్లవే. కంపెనీ డీవీఎల్‌ఏకి (వాహనాల రిజిస్ట్రేషన్, లైసెన్సులు చూసే ప్రభుత్వ సంస్థకి) 2.50 పౌండ్లు కట్టి కీపర్ అడ్రస్ తీసుకుంటుంది. అక్కడ పాత అడ్రస్ ఉంటే నోటీసు, అప్పు ఉత్తరాలు, కోర్టు ఫారం అన్నీ పాత ఇంటికే పోతాయి. మనకి తెలిసేసరికి తీర్పు వచ్చి ఉంటుంది. అప్పుడు దాన్ని రద్దు చేయమని ఎన్244 ఫారంతో, ఫీజు కట్టి, కోర్టుని అడగాలి. తెలిసిన వెంటనే అడగాలి. ఇల్లు మారిన వారంలోనే లాగ్‌బుక్‌లో అడ్రస్ మార్చండి, ఆన్‌లైన్‌లో ఉచితం. లైసెన్స్‌లో మార్చినంత మాత్రాన లాగ్‌బుక్‌లో మారదు, రెండూ విడివిడిగా చేయాలి. కారు అమ్మేస్తే ఆ రోజే డీవీఎల్‌ఏకి చెప్పి, వాళ్లు పంపిన మెయిల్ దాచుకోండి.